కాలేజీలో చదవడం నేర్పేవారికి నేర్పేదెవరు?

డిగ్రీలో చేరిన విద్యార్థికి చదవడం రాదంటే వినేవారికి వింతగా ఉంటుంది. పదో తరగతి గట్టెక్కాడు, ఇంటర్ గట్టెక్కాడు, ఇంకా చదవడం రాకపోవడమేమిటని అడుగుతారు. అక్షరాల సంగతి కాదు నేను చెప్పేది. ఎదుట కూర్చోబెట్టి పైకి చదవమంటే గడగడా చదివేస్తాడు. ఆపి, "ఈ పేరాలో ఏం చెప్పాడు నాయనా?" అంటే మళ్లీ మొదటి వాక్యమే చదువుతాడు. ఇరవై పేజీల అధ్యాయాన్ని ఎవరి సాయమూ లేకుండా చదివి, రచయిత ఏమంటున్నాడో పట్టుకుని, అసలు మాటేదో ఉదాహరణ ఏదో విడదీసి, తెలియని పదం దగ్గర ఆగాలో దాటాలో తేల్చుకుని, మర్నాడు పుస్తకం మూసి నాలుగు మాటల్లో చెప్పగలగాలి. కాలేజీ చదువుకు కావలసిన చదవడం ఇది. బడిలో ఇది చాలామందికి అందదు. అందకపోయినా పరీక్షలు గడిచిపోతాయి. గైడ్లున్నాయి, క్వశ్చన్ బ్యాంకులున్నాయి, మేమిచ్చే నోట్సులున్నాయి.

మన పిల్లల సంగతి ఇంకాస్త చిక్కు. ఇంట్లో మాట ఉర్దూ. కొందరికి బడిలో తెలుగు, కొందరికి ఉర్దూ మీడియం. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువును ఇంగ్లీషు మాధ్యమానికి మార్చారు; తెలంగాణలోనూ విద్యార్థుల మొగ్గు అటే. కుడి నుంచి ఎడమకు ఒక లిపి, ఎడమ నుంచి కుడికి రెండు లిపులు. మూడూ వచ్చిన పిల్లని చూసి నేను ముచ్చటపడతాను. కానీ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ పెద్ద పుస్తకం చివరిదాకా చదివిన అనుభవం ఆమెకు లేదని తెలిసినప్పుడు భయం వేస్తుంది.

మనవంటి సంఘాలు ఫీజు కడతాయి, పుస్తకాలు కొనిస్తాయి, హాస్టలు ఖర్చు భరిస్తాయి. ఆ సాయం లేకపోతే ఎందరో కాలేజీ గడప తొక్కలేరు. అయితే కొనిచ్చిన పుస్తకం మొదటి సెమిస్టరు చివరికి కూడా కొత్తదిగానే మిగిలిపోతే, రెండు సబ్జెక్టులు తప్పి, రెండో సంవత్సరంలో ఆ పిల్లవాడు మొబైల్ షాపులో పనికి కుదిరితే, కట్టిన ఫీజు సగంలో ఆగినట్టే. ఆ పుస్తకం దగ్గర అతని పక్కన కూర్చునే మనిషి ఎవరు? ఆ మనిషికి ఆ పని ఎవరు నేర్పారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మన దగ్గర ఒక విచిత్రం ఉంది. ఒకటో తరగతి చెప్పాలంటే డి.ఎడ్. కావాలి, పదో తరగతి చెప్పాలంటే బి.ఎడ్. కావాలి. ఇంటర్, డిగ్రీ చెప్పడానికి సబ్జెక్టులో పీజీ, డిగ్రీకి నెట్ లేదా సెట్ చాలు. ఎలా చెప్పాలో నేర్చుకున్న పత్రం అక్కడ ఎవరూ అడగరు. లెక్చరర్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వారి సబ్జెక్టు పరిజ్ఞానం ముందు మాలాంటి బడిపంతుళ్లు తలవంచాల్సిందే. కానీ వారు ఎన్నడో, తమకు తెలియకుండానే చదవడం నేర్చుకున్నారు. తెలియకుండా వచ్చిన విద్యను ఇతరులకు చెప్పడం అన్నిటికంటే కష్టం. ఈత వచ్చినవాణ్ణి ఎలా ఈదుతున్నావని అడిగి చూడండి, చేతులు ఆడించి చూపిస్తాడు.

యూజీసీ ఒకప్పుడు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ విద్యార్థులకు రెమెడియల్ కోచింగ్ పథకం పెట్టి కాలేజీలకు నిధులిచ్చింది. మంచి ఆలోచన. నేను చూసినంతలో సాయంత్రం జరిగిన ఆ క్లాసు, ఉదయం జరిగిన క్లాసుకే నకలు. అదే పాఠం, అదే బోర్డు, కాస్త నెమ్మదిగా. ఉదయం అర్థం కానిది సాయంత్రం ఎందుకు అర్థమవుతుందో ఎవరూ అడగలేదు. బి.ఎడ్.లో మేము లోప నిర్ధారణ, లోప నివారణ బోధన అని చదువుకుంటాం. లోపం ఎక్కడుందో చూడకుండా నివారణ మొదలుపెడితే, జ్వరమేమిటో తెలియకుండా మందు వేసినట్టే.

అమెరికాలో ఏం జరిగింది

ఈ ప్రశ్నను ఎక్కువకాలం నలిపిన దేశం అమెరికా. కాలేజీలో చేరినా కాలేజీ చదువుకు సిద్ధంగా లేని విద్యార్థులకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే బోధనను అక్కడ డెవలప్‌మెంటల్ ఎడ్యుకేషన్ అంటారు. రెమెడియల్ అన్న మాటలో రోగి వాసన ఉందని ఈ పేరు పెట్టుకున్నారు. పేరు మారితే బుద్ధి మారుతుందా అన్నది వేరే సంగతి. దానికే అధ్యాపకులున్నారు, సంఘాలున్నాయి, పత్రికలున్నాయి, ఆ విషయంలో డాక్టరేటు ఇచ్చే విశ్వవిద్యాలయం కూడా ఉంది.

1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తలుపులు బార్లా తెరిచింది. నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక కాలేజీలో సీటు ఇస్తామంది. దాని వెనుక అంతకుముందు ఏడాది సిటీ కాలేజీలో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు చేసిన పెద్ద ఆందోళన ఉంది. కుటుంబంలో మొదటిసారి కాలేజీ మొహం చూసిన వేలాది మంది ఒక్కసారిగా వచ్చారు. వారు రాసిన ప్రవేశ పరీక్ష వ్యాసాలు చూసి ఆచార్యులు హడలిపోయారు. అంతవరకు సాహిత్యం, విమర్శ చెప్పుకుంటూ వచ్చినవారికి వాక్యం నిలబెట్టడం రాని విద్యార్థి ఎదురయ్యాడు. అతనికి ఏం చెప్పాలో వారికి ఎవరూ నేర్పలేదు.

అక్కడ రచనా బోధన కార్యక్రమాన్ని నడిపిన మీనా షాగ్నెసీ అనే అధ్యాపకురాలు ఆ వ్యాసాలను పారేయలేదు. సుమారు 4,000 వ్యాసాలు ముందేసుకుని, ఏ తప్పు ఎందుకు వస్తోందో ఏళ్ల తరబడి చూశారు. 1977లో వచ్చిన ఆమె పుస్తకం 'ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' చెప్పే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ తప్పులు గుడ్డిగా వచ్చినవి కావు. ప్రతి తప్పు వెనుకా విద్యార్థి తనంతట తాను అల్లుకున్న ఒక నియమం ఉంది. అది చూడగలిగితే ఏం నేర్పాలో తెలుస్తుంది. ఆ మరుసటి ఏడాదే ఆమె కన్నుమూశారు.

నాకు ఆ పుస్తకం కంటే, అంతకు ఒక ఏడాది ముందు ఆమె ప్రచురించిన చిన్న వ్యాసం ఎక్కువ పనికొచ్చింది. మనం విద్యార్థి ఎదుగుదలను మెట్లు మెట్లుగా కొలుస్తాం కదా, ఆమె ఉపాధ్యాయుడి ఎదుగుదలను కొలిచారు. నాలుగు మెట్లు చెప్పారు. మొదటి మెట్టు మీదున్న ఉపాధ్యాయుడు కోటకు కాపలాదారు. వీళ్లు ఇక్కడికి రావలసినవాళ్లు కారు, ప్రమాణాలు పడిపోతున్నాయని కుమిలిపోతుంటాడు. రెండో మెట్టుకు వచ్చినవాడు కాస్త మెత్తబడతాడు. వీళ్లూ నేర్చుకోగలరంటాడు, కానీ వాళ్లను ఖాళీ కుండల్లా చూసి, తన దగ్గరున్నది ఒంపడానికి సిద్ధమవుతాడు. నియమాలు, అభ్యాసాలు, వర్క్‌షీట్లు కుమ్మరిస్తాడు. అవి పనిచేయకపోవడం చూసి కొందరు మూడో మెట్టు ఎక్కుతారు. ఇక్కడ ఉపాధ్యాయుడు చెప్పడం కాస్త ఆపి గమనించడం మొదలుపెడతాడు, విద్యార్థిని మాత్రమే కాకుండా తనను కూడా. నేను రాసేటప్పుడు నిజంగా ఏం చేస్తున్నాను అని ప్రశ్నించుకుంటాడు. నాలుగో మెట్టులో నీళ్లలోకే దిగుతాడు. దిద్దవలసింది ముందు తననేనని ఒప్పుకుని, తన విద్యార్థుల దగ్గరా, తాను ఎన్నడూ చదవని శాస్త్రాల దగ్గరా విద్యార్థిగా కూర్చుంటాడు.

మా స్టాఫ్ రూముల్లో ఈ నాలుగు మెట్ల మీదా మనుషులు కనిపిస్తారు. మొదటి మెట్టు దగ్గర రద్దీ ఎక్కువ. రెండో మెట్టు మీదున్నవారు చాలా మంచివాళ్లు, కష్టజీవులు. సెలవు రోజున కూడా వచ్చి స్పెషల్ క్లాసు చెబుతారు. స్వచ్ఛంద సేవలో ఎక్కువగా కనిపించేదీ ఆ మెట్టే. ప్రేమ ఉంటుంది, ఓపిక ఉంటుంది. చూసే కన్ను ఇంకా తెరుచుకోదు. ఉపాధ్యాయ శిక్షణ అంటూ ఒకటి ఉంటే అది రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు చేయి పట్టుకుని తీసుకుపోవాలి. కొత్త వర్క్‌షీట్లు పంచిపెట్టే శిక్షణ మనిషిని రెండో మెట్టు మీదే ఇంకాస్త స్థిరంగా కూర్చోబెడుతుంది.

అక్కడి అధ్యాపకులు దీన్ని ఒంటరిగా మోయలేదు. కాలేజీలో చదవడం నేర్పేవారి సంఘం ఒకటి 1966లోనే పశ్చిమ రాష్ట్రాల్లో పుట్టింది. ఇప్పుడు దాని పేరు కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్. డెవలప్‌మెంటల్ అధ్యాపకుల జాతీయ సంఘం 1976లో మొదలైంది. ఒక సంగతి మన సంఘం పెద్దలు ప్రత్యేకంగా గమనించాలని నా విన్నపం. అదే 1976లో నార్త్ కెరొలీనాలోని అపలేషియన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ అధ్యాపకుల కోసం ఒక కేంద్రం పెట్టడానికి డబ్బిచ్చింది కెలాగ్ ఫౌండేషన్, అంటే కార్న్‌ఫ్లేక్స్ అమ్మిన వ్యాపారి 1930లో పెట్టిన ధర్మసంస్థ. వెనుకబడిన విద్యార్థికి సాయం చేయాలంటే అతనికి చెప్పేవాడి మీద ఖర్చు పెట్టాలని ఒక దాతృత్వ సంస్థకు తోచింది. ఆ కేంద్రంలో 1980 నుంచి కెలాగ్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో వేసవి శిక్షణ నడిపారు. అధ్యాపకులు వచ్చి అక్కడే వారాల పాటు ఉండి నేర్చుకునేవారు. అంతటితో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేవారు కారు. తమ కాలేజీకి తిరిగి వెళ్లి, నేర్చుకున్నదాన్ని అక్కడ ఒక ప్రాజెక్టుగా అమలు చేసి చూపాలి. మన ఒక్కరోజు వర్క్‌షాపులు తలుచుకుంటే నాకు ఇక్కడ కాస్త సిగ్గేస్తుంది. శాలువా, జ్ఞాపిక, భోజనం, గ్రూప్ ఫోటో. సోమవారం నుంచి పాత పాఠమే.

చదివేటప్పుడు లోపల ఏం జరుగుతుంది

మూడో మెట్టు ఎక్కించడమెలా? ఉపాధ్యాయుడికి మొదట తన చదవడం తనకు కనబడాలి. దానికి తేలికైన మార్గం, అతనికి అర్థం కానిది చదివించడం.

1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న పేరా తయారుచేశారు. అందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. వస్తువులను విడివిడిగా కుప్పలు చేసుకోవాలి, ఒకేసారి మరీ ఎక్కువ పెట్టుకోకూడదు, పని అయ్యాక మళ్లీ సర్దుకోవాలి, కొన్నాళ్లకు ఇదంతా మళ్లీ చేయాలి అనే ధోరణిలో సాగుతుంది. విన్నవారికి ఏమీ అర్థం కాలేదు. ఇది బట్టలు ఉతకడం గురించి అని ముందే చెప్పినవారికి మాత్రం హాయిగా అర్థమైంది, బాగా గుర్తుంది కూడా. మూడో గుంపుకు పేరా విన్న తరువాత చెప్పారు. దానివల్ల వారికి ప్రయోజనం కనబడలేదు. ముందు తెలియాలి. పాఠమంతా అయిపోయాక చివర సారాంశం చెప్పే అలవాటున్న నాలాంటివారు ఈ ప్రయోగాన్ని రెండుసార్లు చదవాలి.

1988లో రెక్ట్, లెస్లీ అనేవారు 64 మంది బడిపిల్లలకు బేస్‌బాల్ ఆట వర్ణన చదవడానికిచ్చారు. చదవడంలో వెనుకబడినవారైనా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లలకంటే బాగా అర్థం చేసుకున్నారు. మన దగ్గర క్రికెట్ పెట్టి చూసుకోండి. స్కోరు వార్త ఇంగ్లీషులో ఉన్నా అక్షరం పొల్లుపోకుండా చెప్పే కుర్రాడు ఆర్థికశాస్త్రం పేరా దగ్గర నోరు విప్పడు. అతనికి తెలివి లేదనో, ఇంగ్లీషు లేదనో తీర్పు చెప్పేముందు, ఆ పేరాలోని ప్రపంచం అతనికి ఎంత తెలుసో అడగాలి. బ్యాంకు లోను, డిపాజిట్టు, బాండు అనేవి ఇంట్లో ఎన్నడూ మాటల్లో రాని పిల్ల, వాణిజ్యశాస్త్రం మొదటి అధ్యాయంలోకి ఆ బేస్‌బాల్ తెలియని పిల్లలాగే అడుగుపెడుతుంది.

ఉపాధ్యాయులకు నేర్పే పనిని కాలిఫోర్నియాలో ఒక బృందం చక్కగా చేసింది. వెస్టెడ్ అనే పరిశోధన సంస్థలో రూత్ షోన్‌బాక్, సింథియా గ్రీన్‌లీఫ్ అనే ఇద్దరు 1990ల్లో ఒక పద్ధతిని రూపొందించారు. దాని పేరు రీడింగ్ అప్రెంటిస్‌షిప్. హైస్కూళ్లలో మొదలై తరువాత కమ్యూనిటీ కాలేజీలకు పాకింది. పేరులోనే అంతా ఉంది. వడ్రంగి దగ్గర చేరిన కుర్రాడు ఎలా నేర్చుకుంటాడు? ఉస్తాద్ చిత్రిక పట్టడం కళ్లారా చూస్తాడు, తరువాత తనచేత పట్టిస్తారు, చేయి తప్పితే పక్కనుంచి సరిచేస్తారు. చదవడంలో వచ్చిన చిక్కేమిటంటే ఉస్తాద్ పని కళ్లకు కనబడదు. అంతా తల లోపల జరిగిపోతుంది. కాబట్టి ఉస్తాద్ తన తలలో నడిచేది పైకి చెప్పాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆర్థికశాస్త్రం పుస్తకంలో ఇలాంటి వాక్యముంటుంది: ఇతర అంశాలు స్థిరంగా ఉన్నప్పుడు ఒక వస్తువు ధర పెరిగితే దాని డిమాండు తగ్గుతుంది, అయితే కొన్ని వస్తువులకు ఈ సూత్రం వర్తించకపోవచ్చు. మామూలుగా మనం దీన్ని చదివి, అర్థం చెప్పి, పరీక్షలో వస్తుందని నొక్కి చెబుతాం. పైకి ఆలోచిస్తూ చదివే ఉపాధ్యాయురాలు ఇలా అంటుంది. "ఇతర అంశాలు అన్నాడు. ఏవి? ఇక్కడ చెప్పలేదు, వెనక్కి తిప్పి చూస్తాను. ఆ, పై పేరాలో ఉంది, ఆదాయం, అభిరుచి. వాటిని కదలకుండా పట్టుకోమంటున్నాడు. ధర పెరిగితే డిమాండు తగ్గుతుంది. ఉల్లిపాయలు ప్రియమైనప్పుడు ఏం చేశాం? మానేయలేదు, కిలో కొనేచోట అరకిలో కొన్నాం. సరే, తగ్గడమంటే మానడం కాదన్నమాట. 'అయితే' అన్నాడు. ఇక్కడ మలుపు తిరుగుతున్నాడు. కొన్ని వస్తువులట. పేర్లు చెప్పలేదు, వచ్చే పేరాలో చెప్పాలి. చెప్పాడో లేదో చూస్తాను." విద్యార్థి నోరు తెరుచుకుని చూస్తాడు. మేడమ్ కూడా వెనక్కి తిప్పి చూసుకుంటుందా? ఒక వాక్యానికి ఇంత సేపు ఆగుతుందా? చదవడం వచ్చినవారు ఎక్కడా ఆగరని అతను అన్నేళ్లుగా అనుకుంటున్నాడు. తాను ఆగిపోయిన ప్రతిసారీ అది తన మందబుద్ధికి గుర్తనుకున్నాడు. ఇంగ్లీషు పుస్తకంలో 'అదర్ థింగ్స్ బీయింగ్ ఈక్వల్' అనే నాలుగు మాటలనూ, 'హౌఎవర్' అనే ఒక్క మాటనూ అతను అడ్డమొచ్చిన రాళ్లలా దాటేస్తాడు. అర్థమంతా వాటి మీదే నిలబడి ఉందని ఎవరూ చూపలేదు.

నా దగ్గర చదివి డిగ్రీలో చేరిన ఒక అమ్మాయి ఒకసారి ఇంటికి వచ్చి పుస్తకం చూపించింది. పేజీ మొత్తం పచ్చరంగు హైలైటరే. "ముఖ్యమైనవి గీసుకోమన్నారు మేడమ్" అంది. ఏది ముఖ్యమో తెలియనప్పుడు అన్నీ ముఖ్యమే కదా. గీసుకోమనడం తేలిక. ఎందుకు ఇది గీశాను, ఎందుకు అది వదిలేశాను అని ఉపాధ్యాయుడు తన పెన్సిలుతో, తన నోటితో చేసి చూపాలి.

1984లో పాలింక్సర్, బ్రౌన్ ప్రచురించిన పరస్పర బోధన పద్ధతి కూడా ఈ దారిలోదే. నలుగురు కూర్చుని ఒక పేరా చదువుతారు. ఒకరు సారాంశం చెబుతారు, ప్రశ్న వేస్తారు, అర్థం కాని మాట తేలుస్తారు, తరువాత ఏమొస్తుందో ఊహిస్తారు. తరువాతి పేరాకు ఆ పాత్ర మరొకరిది. మొదట ఉపాధ్యాయుడు చేసి చూపిస్తాడు, క్రమంగా పక్కకు తప్పుకుంటాడు. ఆ తప్పుకోవడమే మాకు రాదు. మౌనంగా అరనిమిషం ఉండలేం. ఇంగ్లీషు పేరా గురించి పిల్లలు ఉర్దూలోనో తెలుగులోనో వాదించుకుంటే అడ్డుపడకూడదని నా అభిప్రాయం. ఆలోచన ఇంటి భాషలో సాగితే లోతుకు పోతుంది. జవాబు ఇంగ్లీషులో రాయడం తరువాతి పని.

తలుపు ముందు తలుపు

అమెరికా కథలో ఒక మలుపు దాచకూడదు. అక్కడ బలహీనులని తేలిన విద్యార్థులను అసలు కోర్సులోకి రానీయకుండా, ముందు ఒకటి, రెండు, మూడు సెమిస్టర్ల పాటు డెవలప్‌మెంటల్ క్లాసుల్లో కూర్చోబెట్టేవారు. వాటికి పట్టాకు పనికొచ్చే క్రెడిట్లు ఉండవు, ఫీజు మాత్రం ఉంటుంది. 57 కాలేజీల్లోని సుమారు 2,50,000 మంది విద్యార్థుల వివరాలతో 2010లో వచ్చిన అధ్యయనంలో, ఈ వరుసకు పంపినవారిలో సగం మంది కూడా దాన్ని పూర్తిచేయలేదని తేలింది. తప్పినవారు కొందరే, ఒక మెట్టు ఎక్కి తరువాతి మెట్టుకు రాకుండా పోయినవారు, అసలు మొదటి మెట్టుకే రానివారు ఎక్కువ. తలుపు తెరిచామని చెప్పి లోపల ఇంకో తలుపు పెట్టినట్టయింది.

బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో 2007లో పీటర్ ఆడమ్స్ అనే అధ్యాపకుడు దీన్ని తిరగేశారు. వెనుకబడినవారిని నేరుగా మామూలు ఇంగ్లీషు క్లాసులోనే కూర్చోబెట్టి, ఆ క్లాసు ముగిశాక అదే అధ్యాపకుడు ఆ కొద్దిమందితో మరో గంట కూర్చునే ఏర్పాటు చేశారు. ఫలితాలు బాగుండటంతో ఈ పద్ధతి చాలాచోట్లకు పాకింది. కాలిఫోర్నియాలో 2017లో చట్టమే వచ్చింది. విద్యార్థి అసలు కోర్సులో నెగ్గే అవకాశం బొత్తిగా తక్కువని చూపగలిగితే తప్ప అతన్ని కింది క్లాసుకు పంపకూడదన్నారు.

విద్యార్థి కాలాన్ని కాపాడటం న్యాయం. అయినా ఒక చిక్కు మిగిలింది. చదవడానికి విడిగా ఉన్న క్లాసు తగ్గిపోయినా చదవడం రాని విద్యార్థి తగ్గలేదు. అతను ఇప్పుడు చరిత్ర క్లాసులోనూ జీవశాస్త్రం క్లాసులోనూ ఉన్నాడు. చదవడం నేర్పవలసిన భారం ప్రతి అధ్యాపకుడి మీదా పడింది. శిక్షణ అవసరం ఇదివరకటి కంటే పెరిగింది. మన దేశంలో ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థుల కోసం ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది. మదరసాల్లో చదివినవారి కోసం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో 2013 నుంచి బ్రిడ్జి కోర్సు ఉంది. ఏడాది కేటాయించే వీలున్నచోట అవి మంచివే. మన విద్యార్థుల్లో చాలామందికి ఆ ఏడాది లేదు. ఇంట్లో తండ్రి ఆటో నడుపుతూ కొడుకు డిగ్రీ ఎప్పుడు అవుతుందా అని రోజులు లెక్కపెడుతుంటాడు. అందుకని మనకు పక్కన కూర్చునే పద్ధతే తగినది.

పక్కన కూర్చునేవారి విషయంలో నాకు నచ్చిన నమూనా ఒకటుంది. 1973లో కాన్సాస్ సిటీలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో మొదలైన సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్. వీళ్లు బలహీనమైన విద్యార్థి ఎవరని వెతకరు, ఎక్కువమంది తప్పే కోర్సు ఏదని వెతుకుతారు. ఆ కోర్సులో అంతకుముందు బాగా చదివిన సీనియర్ విద్యార్థి మళ్లీ ఆ క్లాసుల్లో కూర్చుంటాడు. తరువాత వారంవారం జూనియర్లతో కలిసి పుస్తకం తెరుస్తాడు. అతను పాఠం మళ్లీ చెప్పకూడదు, అది నియమం. ఎవరైనా రావచ్చు కాబట్టి వచ్చినవారికి 'వీక్ స్టూడెంట్' ముద్ర పడదు. ఈ ముద్ర పడుతుందనే మన అమ్మాయిలు స్పెషల్ క్లాసు మానేస్తారు. సాయంత్రం ఆలస్యమవుతుందని ఇంట్లో ఒప్పుకోరనే కారణం పైకి చెబుతారు.

ఇలా సాయం చేసే ట్యూటర్లకు ఇందాక చెప్పిన రీడింగ్ సంఘం 1989 నుంచి గుర్తింపు ఇస్తోంది. మొదటి స్థాయికి కావలసింది కనీసం 10 గంటల శిక్షణ, 25 గంటల పాటు విద్యార్థి పక్కన కూర్చుని చేసిన పని. ఆ అంకె చూసి నాకు ధైర్యమొచ్చింది. పది గంటలంటే ఐదు ఆదివారాలు, పూటకు రెండు గంటలు.

మన సాయంత్రపు ట్యూషన్లలో చెప్పే డిగ్రీ, పీజీ యువతీ యువకులతో, వీలైతే ఒకరిద్దరు లెక్చరర్లతో ఈ ఐదు ఆదివారాలు ఎలా గడపవచ్చో నాకు తోచినది చెబుతాను. మొదటి ఆదివారం వారిచేత ఒక పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు చదివించాలి. హద్దులు, షరతులు, హక్కు భుక్తాలు అంటూ పేజీ పొడవునా ఒకే వాక్యం నడుస్తుంది. ఎమ్మెస్సీ చేసినవారు కూడా రెండో పేరాలో దారి తప్పుతారు. తప్పినప్పుడు ఏం చేశారు, వెనక్కి వెళ్లారా, పెదాలు కదిలాయా, విసుగొచ్చి వదిలేశారా అని రాసుకోవాలి. తమ విద్యార్థి రోజూ ఉండేది ఆ స్థితిలోనే. ఆ గంట నుంచి వారు అతన్ని చూసే చూపు మారుతుంది. మిగతాది పైకి ఆలోచిస్తూ చదవడం సాధన చేయడమే. ఒకరు చదువుతుంటే మరొకరు వినాలి. ఇది మొదట నాటకంలా అనిపించి నవ్వొస్తుంది, మూడోసారికి నవ్వు పోతుంది. మధ్య వారాల్లో ఒక్కొక్కరు ఒక్కో విద్యార్థితో కూర్చుని, అతను ఎక్కడ ఆగాడో, ఎందుకాగాడో ఒక పేజీ రాసుకురావాలి. నా మటుకు ఆ పేజీలే అసలు శిక్షణ. పెన్సిలు ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉండాలని ఒక నియమం పెడితే సగం పాఠం దానంతటదే జరుగుతుంది. చివరి ఆదివారం దస్తావేజులు పక్కనపెట్టి, ఆ ఏడు మనం సాయం చేస్తున్న విద్యార్థుల పాఠ్యపుస్తకాలే తెరవాలి. ఏ అధ్యాయం దగ్గర ఏ ముందు పరిచయం కావాలి, బట్టలుతకడం అని ఎక్కడ ముందే చెప్పాలి అన్నది గుర్తుపెట్టుకోవాలి.

దీనికయ్యే ఖర్చు జిరాక్సు కాగితాలకు, టీకి; ఒక విద్యార్థి ఏడాది ఫీజు అంత కూడా కాదు. వేసవి సెలవుల్లో ఐదు ఆదివారాలు దొరుకుతాయి. మన స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారంలో తండ్రి పేరు, మార్కులు, ఆదాయం గడుల తరువాత ఇంకొక గడి చేర్చి, విద్యార్థి మొదటి సెమిస్టరు పాఠ్యపుస్తకాల పేర్లు అందులో రాయించుకుంటే, ఐదో ఆదివారం నాటికి బల్ల మీద ఏ పుస్తకాలు ఉండాలో మనకు తెలుస్తుంది.